నడుముకు తమంచా

ఫసలీ 1348లో, అంటే ఇంగ్లీషు లెక్కన 1939 ఎండాకాలంలో, నన్ను ఆబ్కారీ అమీనుగా కార్వాన్‌కు వేశారు. కల్లు, సారాల మీద సర్కారుకు రావలసిన పన్ను చూసే శాఖ అది. అమీను కింద నలుగురు జవాన్లు, పైన మొహతమీమ్ అనే పెద్ద అధికారి. హోదా బాగానే ఉంది గాని నౌకరీ ఇంకా కచ్చాది. ఏడాదిలోగా సారా కాచే ఒక పెద్ద దొంగబట్టీ పట్టి చూపిస్తేనే పక్కా చేస్తామన్నారు. లేకపోతే మళ్లీ పాత గుమాస్తా కుర్చీయే. ఆ కుర్చీకీ నాకూ బొత్తిగా పడేది కాదు.

నా హద్దులో పెద్ద బట్టీ నర్సింగ్ పహిల్వాన్‌ది. ఉందని అందరికీ తెలుసు, ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పరు. నేను చేరిన కొద్దిరోజులకే అతను కబురంపాడు: "కొత్త అమీన్ సాబ్ కాళ్లు మంచిగున్నయట. గట్లనే ఉంచుకోమనున్రి."

ఇది విని మొహతమీమ్ గారు నాకు ఒక రివాల్వరు ఇప్పించారు. ఊళ్లో దాన్ని తమంచా అనేవారు. పైకి కనబడేలా కట్టుకోవడమా, ఆఫీసు బీరువాలో పెట్టడమా అన్నది నా ఇష్టానికే వదిలేశారు. ముందు షేర్వాణీ లోపల పెట్టి చూశాను. దారిలో ఇద్దరు పెద్దమనుషులు ఆపి, ఆ గడ్డకు మంచి హకీము ఎవరో చెప్పారు. దాంతో షేర్వాణీ మీద బగ్లూస్ అనే నడికట్టు బిగించి, తమంచాను బయటికే వేలాడదీశాను.

మొదటి రోజు దారి పొడుగునా సలాములే. ఇరానీ హోటల్లో చాయ్ మీద మలాయి కూడా ఎక్కువ వేశారు. కాని నా చుట్టూ ఉన్న బల్లలన్నీ ఖాళీ. అక్కడే నా కొంప మునిగింది. మా పనంతా ముఖ్బిర్ల మీద, అంటే చాటుగా వార్త చేరవేసేవాళ్ల మీద నడుస్తుంది. ముఖ్బిర్ వచ్చి నాకు వీపు పెట్టి వెనక బల్ల దగ్గర కూర్చుంటాడు. చాయ్ సాసర్‌లో పోసుకుని, తనలో తాను ఇంటిపోరు చెప్పుకుంటాడు. అందులో బామ్మర్ది అంటే బట్టీ యజమాని, అత్తగారిల్లంటే బట్టీ ఉన్న చోటు. అఫ్జల్‌గంజ్ నుంచి బెల్లం తోలే బండి ఖాసిం నాకు ఇలాంటి మనిషే. బెల్లం ఎక్కడికి పోతే సారా అక్కడ కాగుతుంది. తమంచా చూసిన రోజు ఖాసిం గుమ్మంలోనే ఆగి, చాయ్ తాగకుండా వెనక్కి తిరిగాడు. మళ్లీ ఆ ఛాయలకు రాలేదు.

ఇంతలో లాల్‌దర్వాజాలో మేం అద్దెకుంటున్న ఇంటి యజమాని కూతురి పెళ్లి వచ్చింది. పాతబస్తీలో బరాత్ ముందు, అంటే పెళ్లి ఊరేగింపు ముందు, తుపాకులు పేల్చడం ఒక మర్యాద.

"మీరుండంగ కిరాయి తుపాకులెందుకు సాబ్? ఓ నాలుగు పేల్చున్రి, ఇజ్జత్ ఉంటది" అన్నాడాయన.

సర్కారు తూటా ప్రతిదానికీ నేను జవాబు చెప్పుకోవాలన్నాను. "పేల్చనిది కట్టుకొని ఏం ఫాయిదా?" అని ఆయన మొహం ముడుచుకున్నాడు.

ఆ మాట విన్న మా ఆవిడ కూడా అందుకుంది. "గది మీ నడుముకు వచ్చినప్పటి సంది కూరగాయలామె గూడ మన గల్లీల అడుగు పెడ్తలేదు. గిట్లయితే మీకు బట్టీ జాడ ఎవలు జెప్తరు?"

విప్పితే కాళ్లు పోవచ్చు, విప్పకపోతే కొలువు పోవడం ఖాయం. నాకు చాలా భయంగా ఉండేది, దాచడమెందుకు. చివరికి కొలువు వైపే మొగ్గి, తమంచాను బీరువాలో పెట్టి తాళం వేసి పెళ్లికి వెళ్లాను.

పెళ్లికి బెల్లం తోలిన ఖాసిం భోజనాల దగ్గర నా వెనక వరుసలో కూర్చున్నాడు. విస్తరి వైపు చూస్తూ గొణిగాడు: "మా బామ్మర్దికి సిగ్గు లేదు. అత్తగారిల్లు వదుల్తలేడు. పాత రంగుల కార్ఖానా ఎన్క, తెల్లారంగనే పొయ్యి ముట్టిస్తుండు."

మర్నాడు తెల్లవారగానే జవాన్లతో వెళ్లాను. వాళ్ల చేతుల్లో లాఠీలు తప్ప ఏమీ లేవు. కార్ఖానా వెనక పులిసిన బెల్లం వాసన గుప్పుమంది. పొయ్యి ముందు పహిల్వాన్ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. నా చేతులు వణుకుతుంటే అతని కంట పడకుండా వెనక్కి పెట్టుకున్నాను. అతను ఖాళీగా ఉన్న నా నడుము చూశాడు. తర్వాత నా భుజాలు చూశాడు. నడుముకు లేని తమంచా వెనక చేతిలోనే ఉందని లెక్క వేసుకున్నాడు. కర్ర కింద పడేశాడు.

"పేల్చకున్రి సాబ్, పిల్లలు గలోన్ని!"

జవాన్లు అతని చేతులు కట్టేదాకా నేను కదలలేదు. తర్వాత నా రెండు చేతులూ ముందుకు తెచ్చాను. అతను వాటినే చూస్తూ నేల మీద కూలబడ్డాడు. "సర్కారు మనిషి గిట్ల మోసం జేస్తడా సాబ్!" అన్నాడు.

నౌకరీ పక్కా అయింది. ఆ తర్వాత పింఛను పుచ్చుకునేదాకా ఆయుధం పైకి కట్టలేదు. అంతకుముందు నేను దాన్ని కట్టుకుని ఊరేగకపోతే పహిల్వాన్ భయపడేవాడు కాదు, అది ఒప్పుకోవాలి. కాని విప్పకపోతే నేను అతని గుమ్మం దాకా చేరేవాణ్ణే కాదు. అందుకే కొత్త అమీన్లు అడిగినప్పుడు ఒకటే చెప్పేవాణ్ణి: మీ పక్కన మనిషి కూర్చోగలిగేలా ఉండండి. భయమేస్తే చేతులు వెనక్కి పెట్టుకోండి.