కోటిరత్నం చేతి నీళ్లు

మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా పసిపిల్లలకు నీళ్లు పోసింది కోటిరత్నమే. కాళ్లు చాపుకుని, బిడ్డను వాటి మీద బోర్లా వేసుకుని, ఒంటి మీది నూగంతా రాలేదాకా సున్నిపిండితో రుద్దేది. నాకూ ఆమే పోసిందట. చేసే పనంటే అంత గర్వం ఉన్న మనిషిని నేను చూడలేదు.

పోయిన మాఘంలో అంకమ్మరావు కూతురికి మూడోరోజు నీళ్లు పోస్తుంటే, మడమ దగ్గర తోలు ఆమె వేళ్లకే ఊడొచ్చింది. బిడ్డ గుక్కపట్టింది. సాయంత్రానికి వీపంతా బొబ్బలు.

"మిరపకాయలు కోసిన చేతులతో పోశావు గదే! పసిగుడ్డును చంపుతావా?" అని అంకమ్మరావు తల్లి వీధంతా వినేలా అరిచింది. నిజమే, ఆ రోజు కోటిరత్నం మిరపకోత నుంచే వచ్చింది. మూడుసార్లు సబ్బుతో కడుక్కుంది. అయినా తప్పు తన చేతులదేనని అందరికన్నా ముందు ఆమే నమ్మింది. నాకు ఒళ్లు మండింది గానీ, ఆ ముసలావిడ నోటికి ఎవరడ్డం?

మర్నాడు గుంటూరులో చర్మం డాక్టరు మహతి గారి దగ్గరికి నా ఆటోలోనే బయల్దేరారు. దోషిని చూపించడానికన్నట్టు కోటిరత్నాన్నీ ఎక్కించారు. బిడ్డ గుడ్డల సంచి పట్టుకుని నేనూ లోపలికి వెళ్లాను.

"మేనరికమా?" అంది డాక్టరు. అవునన్నారు. "ఇంతకు ముందు పుట్టినవాళ్లకి ఇలా వచ్చిందా?"

"ఇదే మొదటి కాన్పండి," అంది ముసలావిడ. పోయిన బిడ్డ ఊసెత్తకూడదని ఆ ఇంట్లో కట్టడి. తల్లి శ్రీరమ్య అత్త మొహం చూసి తల దించుకుంది.

నాలుగేళ్ల కిందట పెద్దపిల్లకీ కోటిరత్నమే నీళ్లు పోసింది. అది తొమ్మిదో రోజున పోయింది. ఇప్పుడు నోరు విప్పితే ఇద్దరినీ చెడగొట్టింది తనేనంటారు, ఇక ఏ గడపా పిలవదు.

"ఇది రెండోదమ్మా," అంది కోటిరత్నం. "మొదటిదానికీ ఇట్టాగే బొబ్బలు లేచాయి. దానికీ నేనే పోశా."

డాక్టరు కళ్లద్దాలు తీసింది. "ఇది మిరప మంట కాదు, మీ చేతి తప్పూ కాదు. కొందరికి పుట్టుకతోనే చర్మం పొరలు ఒకదాన్నొకటి పట్టుకోవు. చాలా అరుదు. పరీక్షకు పంపి ఖాయం చేసుకుందాం. అందాకా రుద్దొద్దు, మెత్తటి గుడ్డ మీదే ఎత్తండి." పూర్తిగా నయం కాదని కూడా చెప్పింది.

కోటిరత్నం కదల్లేదు.

"మరి ఆ పెద్దది ఏడుస్తుంటే, నూగు పోలేదని ఇంకా గట్టిగా రుద్దానమ్మా. రుద్దకపోతే బతికుండేదా?"

డాక్టరు చీటీ రాస్తూ ఆగిపోయింది. "చెప్పలేనండి," అంది.

దారి పొడుగునా కోటిరత్నం చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. ఆ తర్వాత కూడా ఊళ్లో నీళ్లు పోయమని పిలిచినవాళ్లున్నారు. ఆమే వెళ్లలేదు.