బుసైతీన్ తీరానికి సరిపోయే ప్రింటర్

మా హాల్లో సోఫా పైన ఉన్న ఫోటోలో సముద్రం రెండేళ్లకే గులాబీ రంగుకు తిరిగింది. మేముంటున్న ఈ గల్ఫ్ దేశంలో, బుసైతీన్ అనే చోట సముద్రపు ఒడ్డున మా ఆయన తీసి, దగ్గర్లోని షాపులో ప్రింట్ వేయించిన ఫోటో అది. ప్రతి శుక్రవారం ఆయన ఆ ఒడ్డునే తీస్తూ వచ్చారు. ఇప్పుడు అక్కడ సముద్రాన్ని చాలా మేర మట్టితో పూడ్చి రోడ్లు వేశారు. ఆయన ఫోటోల్లో తప్ప ఆ ఒడ్డు ఇంకెక్కడా లేదు. వెలిసిపోయిన సముద్రాన్ని చూసి ఆయన ఫ్రేము తీసి బీరువా వెనక పెట్టేశారు.

నేను లైబ్రరీకి వెళ్లాను. ఏది తెలుసుకోవాలన్నా నాకు అదే దారి. నా చదువు ఇంటర్‌తో ఆగింది. మిగిలినదంతా లైబ్రరీ బల్లల దగ్గర నేర్చుకున్నదే, అది చెప్పుకోవడం నాకు గర్వం. రంగు నీళ్లలో కరిగి ఉండే సిరా వెలుతురుకు త్వరగా వెలిసిపోతుందనీ, సన్నటి రేణువులుగా ఉండే పిగ్మెంట్ సిరా ఆమ్లం లేని కాగితం మీద తరాలపాటు నిలుస్తుందనీ చదివాను. ఇంట్లో వారం రోజులు అదే పాఠం.

“పరీక్ష ఎప్పుడు?” అనేవారు మా ఆయన.

సొంతంగా ప్రింటర్ కొందామని సనాబిస్‌లో ఒక షాపుకు వెళ్లాం. అక్కడ అమ్మే అతను కరీంనగర్ వైపు మనిషి. నేల మీద కాళ్లతో నిలబడి ఉన్న, నలభై నాలుగు అంగుళాల వెడల్పు కాగితం పట్టే ప్రింటర్ చూపించాడు. మా ఆయన దాని మీద చెయ్యేసి అలాగే ఉండిపోయారు. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అంత తేరిపార చూడలేదు.

“దీంట్ల గోడంత ఫోటో కొట్టుకోవచ్చు అన్నా,” అన్నాడతను.

“పిగ్మెంట్ సిరాయేనా?” అన్నాను.

“పిగ్మెంటే అక్కా. స్టూడియో నడుపుతరా మీరు?”

“కాదు, లైబ్రరీకి వెళ్తుంది,” అన్నారు మా ఆయన.

నేనింకో ప్రశ్న అడిగాను. వేసవి సెలవులకు ఊరికెళ్లేటప్పుడు ఇక్కడ అందరిలాగే మేమూ మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్తాం. రెండు నెలలు ఏసీ లేకుండా మూసి ఉన్న ఇంట్లో ప్రింటర్ గతేమిటి?

అతను మూత ఎత్తి, సిరా చిమ్మే హెడ్డు చూపించాడు. “సిరా ఎండి హెడ్డు జామైతది అక్కా. ఆన్‌లనే ఉంచాలె, వారానికి ఒక్క ప్రింటన్న తియ్యాలె. చిన్న మిషనైనా గంతే.”

మా ఆయన చెయ్యి తీసేశారు. “అయితే మనకొద్దులే. పద.”

ఇంటికొచ్చేదాకా కారులో రేడియో కూడా పెట్టలేదు. నా చదువుతో ఆయన కోరిక మీద నీళ్లు చల్లినట్టయింది. ఆయన స్నానానికి వెళ్లగానే కంప్యూటర్లో ఆ ఫోటోలు తెరిచి కూర్చున్నాను. ఆయన ఒడ్డును ఎప్పుడూ ఒక్క ఫోటోలో తియ్యరు. ఒకే చోట నిలబడి మెల్లగా తిరుగుతూ ఐదారు తీసి వాటిని అతుకుతారు. అన్నిట్లోనూ సన్నటి నీటి గీత, పడవలు, ఇసుక. ఎత్తు తక్కువ, పొడవు ఎక్కువ. చుట్టగా వచ్చే కాగితం వాడితే వెడల్పుకే హద్దు గాని, పొడవు కావలసినంత తీసుకోవచ్చని చదివింది అప్పుడు తట్టింది.

“ఏవండీ, సముద్రపు ఒడ్డుకి ఎత్తెందుకు? ఇరవై నాలుగు అంగుళాల మిషను చాలు, డబ్బూ తగ్గుతుంది. పొడవు కాగితమే ఇస్తుంది.”

“మరి సెలవులో?”

“మీరు జూలైలో వెళ్లి రండి. నేను ఆగస్టులో వెళ్తాను. ఎవరో ఒకరం ఇంట్లో ఉంటాం.”

“మిషను కోసం మొగుణ్ణి ఒంటరిగా పంపేస్తావన్నమాట.”

“వండిపెట్టడానికి మీ అక్క ఉందిగా.”

మిషను కొన్నాక, జూలైలో ఆయన కాకినాడలో వాళ్లక్క దగ్గరికి వెళ్లారు. మొదటి వారమే నేను ఆయనకిష్టమైన ఒడ్డును ప్రింట్‌కి ఇచ్చాను. కాగితం గీత గీతగా దిగుతుంటే పక్కనే నిలబడి రెండు చేతులతో పట్టుకున్నాను. హాల్లో ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచి, ఆయనకు వీడియో కాల్ చేశాను.

“నీలం నీలంగానే ఉందా?”

“చూడండి.”

“ఇలా ముక్కలుగా కాదు. వెనక్కి జరుగు, మొత్తం కనబడాలి.”

జరిగాను. వంటగది గోడ వీపుకి తగిలింది. అప్పటికీ ఒక కొస మిగిలిపోయింది.

“పట్టడం లేదండీ.”

“పట్టడం లేదా?” అని మళ్లీ అడిగారు. తర్వాత ఫోన్ పక్కకు తిప్పి కేకేశారు. “అక్కా, ఇలా రా. మా ఒడ్డు ఇంట్లో పట్టడం లేదట.”