పంపు పిడికి అమ్మ అల్లిన ముళ్లు

నిన్న గుంటూరు ఎగ్జిబిషన్‌లో ఒకావిడ స్టీలు కెటిల్ పిడికి నూలుతాడుతో అందంగా ముళ్లు అల్లుతోంది. ఒక ముడి తప్పుగా పడితే పళ్లతో లాగి విప్పింది.

మా అమ్మా అలాగే విప్పేది. మీ ఇళ్లలోనూ ఉండేవి కదా, విసనకర్రకీ, కొడవలికీ, నీళ్ల బకెట్‌కీ ముళ్ల తొడుగులు? నాన్న చేతికి బొబ్బలొస్తున్నాయని, మిరప చేలో మందు కొట్టే పంపు పిడికి కూడా అల్లింది మా అమ్మ.

"భలే మెత్తగా ఉందే!" అని మురిసిపోయాడు నాన్న.

రోజంతా పురుగుమందు పీల్చిన ఆ నూలు సాయంత్రానికి కంపు కొట్టేది. ఉతకాలంటే విప్పాలి. తడిసి బిగిసిన ముళ్లు వేళ్లకి లొంగేవి కావు. పళ్లతో విప్పేది.

మొదట నోరు పూసింది. తర్వాత వాంతులు. ఒకరోజు వసారాలో పడిపోయింది. ఆస్పత్రిలో డాక్టరు గారు వాసన చూసి, "ఎంత తాగిందండీ?" అని నాన్నని అడిగారు. అమ్మ బతకలేదు. మందు తాగి పోయిందని ఊరంతా అనుకుంది. నాన్న కూడా. ఆ విషం ముళ్లలోంచి ఆమె నోట్లోకి పోయిందని నాకు నిన్నే అర్థమైంది.

ఏటా తద్దినం నాడు నాన్న ఆమె ఫోటో ముందు కూర్చుని, "నిన్ను నేనేమన్నానే?" అని అడుగుతాడు.

నువ్వేమీ అనలేదు నాన్నా, అమ్మ తాగలేదు అని చెప్పాలి. చెబితే, "మరెలా పోయిందిరా?" అంటాడు. ఆయన చేతుల వైపు చూడకుండా ఆ జవాబు ఎలా చెప్పాలో మీకెవరికైనా తెలుసా?