గోడ నాడి పట్టిన డాక్టరమ్మ

డాక్టర్ వరలక్ష్మి గారు మొన్న బుధవారం ఉదయం, ఈ జర్మనీ ఊరు జిండెల్ఫింగెన్‌లోని స్వగృహంలో, ఎనభై మూడో ఏట, దివంగతులయ్యారు. వార్త విని నిశ్చేష్టుడినయ్యాను. అంతకు మూడు రోజుల ముందే ఆమె ఫోన్ చేసి, మా మెట్ల పక్కన అద్దం తగిలించడానికి శనివారం వస్తానన్నారు. ఇచ్చిన టెర్మిన్‌కు, అంటే అపాయింట్‌మెంటుకు, రాకపోవడం, నాకు తెలిసి, ఆమె జీవితంలో ఇదే మొదటిసారి.

కాకినాడలో వైద్యవిద్య ముగించి, యౌవనంలోనే జర్మనీ చేరి, మూడు దశాబ్దాలకు పైగా శ్వాసకోశ వైద్యురాలిగా సేవలందించిన విదుషీమణి ఆమె. ఈ ఊరి తెలుగువాళ్లలో ఆమెకు ఛాతీ చూపించుకున్నవాళ్లు కొద్దిమందే. గోడ చూపించుకోనివాళ్లు మాత్రం దాదాపు లేరు. ఈ దేశంలో అద్దె ఇంట్లో వంటగది అంటే చాలాసార్లు గది మాత్రమే. అలమారాలు మనమే తెచ్చుకుని గోడకు ఎక్కించుకోవాలి. కొత్త ఇళ్ల గోడలేమో పలచని జిప్సమ్ పలకలు. వాటి వెనుక, రెండడుగులకొకటి చొప్పున నిలువు పట్టెలు దాగి ఉంటాయి. వాటినే స్టడ్‌లంటాం. మరమేకు ఆ పట్టెలో దిగితే అలమారా నిలుస్తుంది. పక్కన దిగితే, ఆవకాయ జాడీలతో సహా కొన్నాళ్లు ఆలోచించుకుని కిందికి వస్తుంది.

ఛాతీని వేలితో తట్టి లోపల గాలి ఉందో నీరు చేరిందో చెప్పే పాత విద్యలో ఆమె సిద్ధహస్తురాలు. స్కానింగులు వచ్చాక ఆస్పత్రిలో ఆ విద్యకు ఆదరణ తగ్గింది. ఆమె నొచ్చుకోలేదు, దాన్ని గోడల మీదికి మళ్లించారు. ఎడమచేతి నడిమి వేలు గోడకు ఆనించి, కుడిచేతి నడిమి వేలితో దానిపై తట్టేవారు. బోలుగా మోగితే ముందుకు జరిగేవారు, మొద్దుగా మోగితే పెన్సిల్ గీత. “రోగి కంటే గోడ నయమయ్యా, సిగరెట్ మానేశానని అబద్ధం చెప్పదు” అనేవారు.

గత ఏడాదికి ఆమె శ్రవణశక్తి బాగా క్షీణించింది. మేం జంకుతూ ఆ సంగతి ఎత్తితే, “గోడలకు చెవులుంటాయంటారుగా. ఇద్దరిలో ఒకరికి ఉంటే చాలదూ?” అన్నారు. కుమారుడు రవి గారికి ఇది హాస్యంగా తోచలేదు. స్టడ్‌లు కనిపెట్టే యంత్రం ఒకటి కొనిచ్చి, “అమ్మా, ఇంక ఇళ్లకు వెళ్లడం మానెయ్. ఎవరి వైరుకో బెజ్జం పెడితే ఇన్నాళ్ల పేరూ పోతుంది” అన్నారు. ఆమె ఒక పందెం వేశారు. తర్వాతి గోడ తప్పితే మానేస్తారు. తప్పకపోతే రవి గారు ఆ మాట మళ్లీ ఎత్తకూడదు.

ఆ తర్వాతి గోడ మాది.

ఊరి చివర చెక్క చట్రంతో కట్టిన ఇల్లు అప్పుడే కొనుక్కున్నాం. గృహప్రవేశానికి మా అత్తగారు తన బట్టలన్నీ కరీంనగర్‌లోనే వదిలి, ఇరవై రెండు కిలోల పాలరాతి దేవుడి మందిరాన్ని విమానంలో తెచ్చారు. అది ఈశాన్యం మూల గోడకే ఎక్కాలన్నారు. కింద పెడితేనేం అని అడిగాను.

“నువ్వు కుర్చీల కూసుంటవ్, దేవున్ని కింద కూసోవెడ్తవా?”

గృహప్రవేశానికి ముందురోజు తల్లీ కొడుకులు వచ్చారు. రవి గారు యంత్రం ఆనిస్తే మూలకు జానెడు దూరంలో అది ఉత్సాహంగా కూసింది. “ఇక్కడే అమ్మా” అని ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పారు. ఆమె గోడ కింది భాగం చూశారు.

“అది ఎముక కాదురా, నరం. కింద సాకెట్ కనబడట్లేదూ? వైరు నిట్టనిలువుగా పైకి పోతుంది.”

తర్వాత చెవుల్లోని వినికిడి యంత్రాలు రెండూ తీసి పర్సులో వేసుకున్నారు. కళ్లు మూసుకుని తట్టడం మొదలుపెట్టారు. బెత్తెడు జరిగి, మళ్లీ వెనక్కి వచ్చి, అక్కడే ఆగారు.

“ఈమెకు ఇనవడదంటివి గదా” అన్నారు అత్తగారు నాతో.

“అవునత్తమ్మా.”

“మరేమింటున్నది?”

 అంతలో పెన్సిల్ గీత పడింది. రవి గారి యంత్రం ఆ గీత మీద మౌనం పాటించింది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆమె “డ్రిల్ ఇలా ఇవ్వు” అన్నారు.

సన్నని బిట్ దిగింది. తెల్లని పొడి రాలింది. ఇంకా తెల్లని పొడే రాలింది. రవి గారు కళ్లు దించుకున్నారు. నేను పందెం సంగతి మరిచిపోయి ప్లాస్టర్ సంగతి ఆలోచిస్తున్నాను. అప్పుడు డ్రిల్ గొంతు మారింది. బిట్‌ను లోపలెవరో పట్టుకున్నట్టయింది. బెజ్జంలోంచి లేత పసుపు చెక్కపొట్టు చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. ఆమె దాన్ని రెండు వేళ్లతో తీసి కొడుకు అరచేతిలో పెట్టారు.

“బయాప్సీ రిపోర్టు. తీరిగ్గా చదువుకో.”

మందిరం ఎక్కింది. మర్నాడు అత్తగారు దేవుడికి హారతిచ్చి పళ్లెం ఆమె వైపు తిప్పబోతే, “ముందు గోడకు చూపించండి వదినగారూ, మోసేది అది” అన్నారు. ఎలా తెలిసిందని కాగితం మీద రాసి అడిగాను. “ఇన్నేళ్లూ చెవితో వింటున్నాననుకున్నా. వింటున్నది వేలని చెవి పోయాకే తెలిసింది” అన్నారు. రవి గారు మాట నిలబెట్టుకున్నారు. పైగా తల్లిని ఇళ్లకు కారులో తిప్పే బాధ్యత కూడా ఆయనకే దక్కింది.

ఆ విద్యను నాకు నేర్పాలని ఆమె ఆరు ఆదివారాలు వెచ్చించారు. నా వేలికి గోడంతా ఒకటే. “పర్లేదు, పెద్ద చదువులు చదివినవాళ్లకు కాస్త ఆలస్యం” అని ఓదార్చారు. ఏడో ఆదివారం నుంచి నన్ను నిచ్చెన పట్టుకోమన్నారు. ఆ విద్య ఆమెతోనే అస్తమించింది. ఈ లోటు పూరించగలిగే యంత్రం రవి గారి దగ్గరా లేదు, బజారులోనూ లేదు.

ఈ ఊళ్లో ఆమె చేతి మీదుగా గోడకెక్కిన అలమారాలు, మందిరాలు, పుస్తకాల అరలు ఎన్నో. వాటిలో ఒక్కటీ నేలరాలలేదు. తాను చేయి వేసినవన్నీ నేటికీ నిలిచే ఉన్నాయని చెప్పుకోగల వైద్యులు లోకంలో బహు అరుదు. వరలక్ష్మి గారు చెప్పుకోవచ్చు, కానీ ఎన్నడూ చెప్పుకోలేదు. అందుకని, శిరసు వంచి, మేం చెబుతున్నాం.