కింది గది

పలాస స్టేషన్ వెయిటింగ్ హాల్లో అమ్మను కూర్చోబెట్టి, హైదరాబాద్‌లో తన మోకాళ్లు చూపించాల్సిన ఆసుపత్రికి దగ్గరని చార్మినార్ వైపు లాడ్జీలకు ఫోన్లు చేస్తున్నాను. మోకాళ్ల నొప్పులతో అమ్మ మెట్లెక్కలేదు. పాతబస్తీ లాడ్జీలన్నీ ఇరుకు మెట్లవే. "లిఫ్టు లేదు, కింద గది లేదు" అని నాలుగో చోట కూడా అన్నాక అమ్మ నీరసపడిపోయింది.

"మనూరు కవిటి ఎల్లిపోదాం, పదవే" అంది.

పక్క కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. నాకన్నా చిన్నది.

"ఎల్లిపోడం ఏటప్పా?" అంది, సొంత అక్కను పిలిచినట్టే. "మా ఆయనకి కాలిరిగినప్పుడు అక్కడొక లాడ్జీలో పదిరోజులున్నాం. కింద ఒక గదుంది. ఉండు, నానడుగుతాను."

ఆ లాడ్జీకి ఫోన్ చేసి, వచ్చీరాని హిందీలో, మధ్యమధ్య మన తెలుగులో చాలాసేపు మాట్లాడింది. గది దొరికింది. ఇంతలో ఆవిడ రైలొచ్చింది. సంచీ పట్టుకుని పరుగెత్తింది. పేరైనా అడగలేకపోయాను.

మర్నాడు లాడ్జీకి చేరేసరికి గది తుడిచి ఉంచారు. బాత్రూంలో అమ్మ కూర్చుని స్నానం చేయడానికి ఎత్తు స్టూలు కూడా వేసి ఉంది.

"ఇదెవరు పెట్టమన్నారండీ?" అని మేనేజరుని అడిగాను.

"మీ చెల్లెనే. పొద్దుగాల నుంచి రెండుసార్లు ఫోన్ జేసింది, అమ్మ మంచిగ వచ్చిందా అని."

నాకు చెల్లెళ్లు లేరు.

అమ్మ మంచమ్మీద కాళ్లు చాపుకుంటూ అతనితో అంది: "మల్లీ సేత్తే సెప్పు బాబూ, అమ్మ బాగా సేరిందని."