లేని బ్రేకు

మా ఆయన పక్క సీట్లో కూర్చుంటే మా కారుకి రెండు బ్రేకులు. ఒకటి నా కాలి కింద ఉన్నది, రెండోది ఆయన కాలి కింద లేనిది. దూరాన ఎర్ర లైటు కనబడితే చాలు, ఆయన కుడికాలు నేలని తొక్కేది, నోరు "బ్రేక్, బ్రేక్!" అని అరిచేది. ఆ అరుపుకి అదిరిపడి నేను నిజం బ్రేకు తొక్కేసేదాన్ని. వెనక కారువాడు హారన్ కొట్టేవాడు. డిసెంబరులో ఒకరోజు తాళం ఆయన చేతిలో పెట్టి, ఇక మీ దగ్గర నేర్చుకోనని చెప్పేశాను. కానీ అమెరికాలో, మా ట్రాయ్ ఊళ్ళో డ్రైవింగ్ రాకపోతే కొత్తిమీర కట్టకి కూడా మొగుణ్ణి బతిమాలాలి. అది నా వల్ల అయ్యే పని కాదు.

మంచు కురిసి మమ్మల్ని ఇంట్లో కట్టిపడేసిన ఆ శనివారాల్లో, ఆఫీసులో ఎవరో చెప్పారని ఆయన సముద్రపు దొంగల ఆట ఒకటి మొదలుపెట్టారు. ఆన్‌లైన్‌లో ఎవరి ఓడ వాళ్ళు నడుపుకుంటూ నిధులు వెతుక్కోవాలి, ఎదురైనవాళ్ళని దోచుకోవాలి. చిన్న ఓడకి ఇద్దరు చాలు. ఆయన ఫిరంగులు తీసుకున్నారు, ఓడని తిప్పే చక్రం నాకు వదిలేశారు.

నేను ఏదీ సగం చదివి పరీక్షకి వెళ్ళే మనిషిని కాను. కొత్తవాళ్ళకోసం పెట్టిన వీడియోలన్నీ చూశాను. బయల్దేరేముందు రేవులో పీపాలన్నీ వెతికి అరటిపళ్ళు, చెక్కలు, ఫిరంగి గుళ్ళు నింపుకోవాలి. పళ్ళు తింటే గాయాలు మానతాయి, చెక్కలతో ఓడకి పడ్డ చిల్లులు మూయాలి. నేను ఒక్క పీపా వదలకపోతే ఆయన, "యుద్ధానికా, పిక్నిక్‌కా?" అని నవ్వేవారు.

అసలు పాఠం వేరే ఉంది. చక్రం దగ్గర నిలబడ్డవాళ్ళకి తెరచాపలు అడ్డం, ముందేముందో కనబడదు. రెండోవాళ్ళు ముందు నిలబడి చూసి చెప్పాలి. దీవి దగ్గరపడితే తెరచాపలు కొంచెం కొంచెంగా పైకి లాగి ఆపుకోవాలి తప్ప లంగరు వేయకూడదు. వేస్తే మళ్ళీ ఎత్తేదాకా కదల్లేం. ఇదంతా ఆయనకి చెప్పాను. బుద్ధిగా తలూపారు.

మొదటి దీవి కనబడగానే "ఆపు, ఆపు!" అంటూ పరుగెత్తి లంగరు వదిలేశారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. తర్వాతి శనివారం నిధిపెట్టెతో రేవుకి తిరిగొస్తూ, దీవి ఇంకా అల్లంత దూరాన ఉండగానే మళ్ళీ అదే పని. మేం లంగరు ఎత్తేలోగా వెనకనించి ఇంకో ఓడ వచ్చి మా ఓడకి తూట్లు పొడిచింది. పెట్టె వాళ్ళకి, మా ఓడ సముద్రానికి. ఏరుకున్న అరటిపళ్ళన్నీ మునిగిపోయాయని నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమండీ, వీల్ నా చేతిలో ఉంది కదా! మీరు చూసి చెప్పండి చాలు. ఆపేది నేను."

ఆయన ఆట పక్కన పెట్టి నావైపు తిరిగారు.

"కార్లో కూడా ఇలాగే చేస్తున్నానా?"

"అచ్చం ఇలాగే."

ఆ తర్వాత ఆయన ఓడ ముందుకెళ్ళి నిలబడటం మొదలుపెట్టారు. "రైట్‌లో రాళ్ళున్నాయి. టైముంది, స్లోగా తిప్పు," అనేవారు. ఇంత నెమ్మది గొంతు ఆయన దగ్గర ఉందని పెళ్ళయిన ఇన్నేళ్ళకి తెలిసింది. రేవులో ఓడని మెత్తగా ఆపిన రోజున నాకు ఎంత సంతోషమేసిందో! ఆ శనివారాలు నాకు ఇప్పటికీ ఇష్టం.

మార్చిలో మంచు కరిగాక తాళం నేనే అడిగాను. ఆయన వచ్చి, బూట్లు విప్పి పక్క సీట్లో కూర్చున్నారు. విప్పడమెందుకో నాకు అర్థం కాలేదు. రోడ్డెక్కాక కాసేపటికి, "ముందు సిగ్నల్ ఎల్లో అయింది. టైముంది," అన్నారు.

యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి మెల్లగా బ్రేకు నొక్కాను. కారు గీతకి ఇవతల సాఫీగా ఆగింది. హారన్ మోగలేదు. చూశారా అందామని పక్కకి తిరిగాను. ఆయన సీట్లో బాసింపట్టు వేసుకుని, కుడిపాదాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.