అటవీశాఖ వేసిన కుర్చీలు

ములకలపల్లి దగ్గర అడవి అంచు ఊళ్ళో నేను టీచర్‌గా ఉన్నప్పుడు, శాసనసభ కమిటీ ఒకటి మా బడికి వచ్చింది. అడవి బాటలో ఎడ్లబండ్లు తిరగకూడదని అటవీశాఖ కొత్తగా నిబంధన పెట్టింది. చట్టం ఇచ్చిన అధికారాన్ని దాటి ఆ నిబంధన పెట్టారా అన్నది తేల్చడం కమిటీ పని. కానీ కుర్చీలు వేసింది అటవీశాఖ, మైకు తెచ్చింది అటవీశాఖ. చివరికి కోయభాషను తెలుగులో చెప్పడానికి వచ్చిన మనిషి కూడా ఆ శాఖ ఉద్యోగే. ఎవరి మీద విచారణో వాళ్ళే పందిరి వేస్తే ఒళ్ళు మండదా?

ముందుగా ఒక ముసలావిడ లేచి కోయలో మొదలుపెట్టింది. సంతలో చింతపండు అమ్ముతూ నాతో తెలుగులో బేరమాడే మనిషి, ఇవాళ తెలుగెందుకు మానేసింది? తెలుగులో మాట్లాడొద్దని ఈమెను బెదిరించారేమో అనుకున్నాను. తన చేను అడవికి అవతల ఉందని, బండి ఆపేశాక పంటంతా నెత్తిన మోస్తున్నామని, అడిగితే గార్డు తిడుతున్నాడని ఆమె చాలాసేపు చెప్పింది. నాకొచ్చిన కాస్త కోయకే అంత అర్థమైంది.

ఆ ఉద్యోగి మైకు అందుకుని, "అడవి బాగుంటే చాలంటున్నది సార్. ఇబ్బందేం లేదట" అన్నాడు.

కమిటీ అధ్యక్షుడు తలూపి రాసుకోబోయాడు. నేను కోపంతో లేచేలోపే ఆమె మైకు లాక్కుంది.

"తెలుగు నాకొస్తది సారూ. ఈయన ఏం చెప్తడో చూద్దామనే మా భాషల చెప్పిన. ఇగ మొదటి నుంచి చెప్తా, రాస్కోండ్రి."